మరిచిపోయే ఇనుము

ఆ సీసాను స్పీకరు మీద పెట్టింది నేనే. అక్కడైతే కుదుపు తక్కువని పెట్టాను. తరవాత ఎవరడిగినా ఇదే చెప్పాను. ఇంతకు మించి చెప్పడానికేమీ లేదు కూడా.

సోహాగ్ సైన్సు కాలేజీ రెండో అంతస్తులో గాజుసామాను కడిగే పని నాది. పంతొమ్మిదేళ్లుగా కడుగుతున్నాను. చదివింది మా ఊళ్లో ఆరో తరగతి దాకా. గాజు కడిగేవాడికి నోటితో పెద్దగా పనుండదు, కంటితోనే పని. బీకరు అడుగున మిగిలిన మరకను బట్టి నిన్న ఏం చేశారో, ఎక్కడ తొందరపడ్డారో తెలిసిపోతుంది. తెలిసినా అడిగితే తప్ప చెప్పను.

బుసైన మా వీధి పిల్లే. అఖ్మీమ్‌లో మా ఇంటికి మూడిళ్ల అవతల వాళ్ల ఇల్లు. వాళ్ల నాన్న మగ్గం నేసేవాడు, పోయి చాలాకాలమైంది. ఐదేళ్లుగా ఆ పిల్ల మా గదిలో నల్లనీళ్లు చేస్తోంది. పచ్చటిదొకటి, పసుపుపచ్చనిదొకటి, రెండు రకాల ఇనుప ఉప్పులను నీళ్లలో కరిగిస్తుంది. గాలి చొరబడకుండా అడుగు నుంచి నైట్రోజన్ బుడగలు వదులుతూ, పైనుంచి అమ్మోనియా బొట్టుబొట్టుగా జారుస్తుంది. తేనెరంగులో ఉన్న నీళ్లు ఉన్నట్టుండి కాటుకైపోతాయి. ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. చూసిన ప్రతిసారీ చేతిలో బ్రష్షు ఆగిపోయేది. తూర్పు కిటికీలోంచి పడే ఎండ, ఘాటుకు చెమ్మగిల్లిన కళ్లు, ఆ చెమ్మలో అటూ ఇటూ ఊగే నలుపు. కాసేపు నేనెక్కడున్నానో నాకే తెలిసేది కాదు.

ఆ నలుపంతా ఇనుప రేణువులట. తల వెంట్రుక మందాన ఏడెనిమిది వేలు వరసగా నిలబడొచ్చట. అంత చిన్నదానికీ ఒక దిక్కుంటుంది, ప్రతిదీ ఒక అయస్కాంతమే అని చెప్పింది. ఎలాగని నేనడగలేదు. నేనడగనని తెలుసు కాబట్టి తనే చెప్పింది. మా గది కిటికీలోంచి చూస్తే క్లోవరు గడ్డి చేల మధ్య పావురాల గోపురం కనిపిస్తుంది. మట్టికుండలు పేర్చి కట్టినది, వందల గూళ్లు. దాన్ని చూపించి చెప్పింది. రేణువు లోపల కూడా గూళ్లేనట. చిన్న గూళ్లు కొన్ని, పెద్ద గూళ్లు వాటికి రెట్టింపు. చిన్న గూట్లో ఇనుము నైలు వైపు తిరిగి కూర్చుంటే పెద్ద గూట్లోది కొండ వైపు తిరిగి కూర్చుంటుంది. ఇటూ అటూ సగానికి సగం చెల్లిపోగా కొండ వైపు కొంత మిగులుతుంది. ఆ మిగిలిన దాన్నే మనం అయస్కాంతం అంటాం. గోపురం అంచున, బయటి వరసలో ఉన్న పక్షులు మాత్రం ఎవరి మాటా వినవట. తలో వంకకూ మెడలు తిప్పి కూర్చుంటాయి.

గోపురం మరీ చిన్నదైతే ఇంకో తమాషా ఉంది. కాస్త వేడి తగిలినా చాలు, లోపలి పక్షులన్నీ ఒక్కసారిగా ఇటునుంచి అటు తిరుగుతాయి. మళ్లీ అటునుంచి ఇటు. కన్ను మూసి తెరిచేలోగా లక్షలసార్లు. అందుకని దానికి ఫలానా దిక్కని ఉండదు. పక్కన అయస్కాంతం పెడితే అన్నీ దానివైపే చూస్తాయి. తీసేస్తే మరిచిపోతాయి. గోపురం పెద్దదైతే మరవదు.

బుసైనకు మరిచిపోయేవే కావాలి. ఈ నల్లనీళ్లను ఎప్పటికైనా మనిషి నెత్తురులోకి పంపాలని, బయట అయస్కాంతం పెట్టి మందును జబ్బున్న చోటికి నడిపించాలని ఆ పిల్ల చదువు. పని అయ్యాక బయటి అయస్కాంతం తీస్తే రేణువులు దేని దారిన అది పోవాలి. మరవనివి ఒకదాన్నొకటి పట్టుకుని గడ్డకడతాయి. నెత్తురులో గడ్డంటే ఏమిటో నాలాంటివాడికి కూడా తెలుసు.

మరిచిపోయాయా లేదా అని చెప్పే యంత్రం మా దగ్గర లేదు, కైరోలో ఉంది. పోయిన చలికాలం పొడి చేసి తీసుకెళ్లింది. యంత్రం ఒక గీత గీస్తుంది. మరిచిపోయేవైతే గీత ఏ దారిన వెళ్లిందో ఆ దారినే వెనక్కి రావాలి. ఆ పిల్ల గీత మధ్యలో సన్నగా చీలింది, గోరు దూరేంత. ఎక్కడో కొన్ని పెద్దవి కలిశాయి అన్నారు ప్రొఫెసరు. పైగా పొడికి గాలి తగిలి నలుపు కాస్తా ఎర్రమట్టి రంగుకు దిగింది. అమ్మోనియా వేగం మార్చింది, తిప్పడం మార్చింది, రేణువులకు వేసే నిమ్మఉప్పు పూత మందం మార్చింది. ఏడు నెలలు పట్టింది. ఈసారి పొడి చేయకుండా నీళ్లగానే సీసాలో తీసుకెళ్తానంది. రిజిస్ట్రేషను గడువు ఆ నెలాఖరుతో సరి. రెండుసార్లు పొడిగించారు, మూడోసారి ఉండదని కాగితం పంపారు. గీత మూసుకుంటే థీసిస్ ఉంది. లేకపోతే ఐదేళ్ల నల్లనీళ్లు నేను సింకులో పారబోయాలి.

యంత్రం దగ్గర మాకు సమయం దొరికింది బుధవారం పొద్దున తొమ్మిదింటికి. పండగ సెలవులు ముగిసి జనమంతా కైరోకు తిరిగెళ్లే వారం, రైల్లో నిలబడడానికి చోటులేదు. మంగళవారం పొద్దున్నే మైక్రోబస్సెక్కాం. పిల్ల ఒక్కతే పోకూడదని వాళ్లమ్మ నన్ను తోడు వెళ్లమంది. దారికి ఎండలో పొంగించిన రొట్టెలు, పాతజున్ను మూటగట్టి నా ఒళ్లో పెట్టింది.

సీసా ఒక చేపలపెట్టెలో ఉంది, తెల్ల థర్మాకోలుది. చుట్టూ మంచుసంచులు. బుసైనకు ముందు వరసలో ఆడవాళ్ల పక్కన చోటు దొరికింది, నాకు చిట్టచివరి వరస. ఒళ్లో రొట్టెల మూట, కాళ్లకింద ఎవరివో ఉల్లిపాయలు. నా సీటు వెనకే బండి చివరి భాగమంతా ఆక్రమించి చెక్కపెట్టె ఉంది. పైన ఎర్ర మఖమల్, అంచులకు కుచ్చులు. లోపల రెండు పెద్ద స్పీకర్లు. మఖమల్ మెత్తగా ఉంది. చేపలపెట్టె దాని మీద పెట్టి, జారకుండా మోచెయ్యి ఆనించాను.

డ్రైవరు షెహాత పాట పెట్టాడు. మఖమల్ అదిరింది, దాంతోపాటు పెట్టె కూడా. ముందుకు వంగి పాట ఆపమన్నాను. ఎవరికీ ఇష్టం లేదు. డ్రైవరు అద్దంలోంచి చూశాడు.

“ఏం పెద్దాయనా, లోపల పెళ్లికూతురు పడుకుందా?”

పడుకుంది, లేపకు అన్నాను. బండంతా నవ్వారు. పాట ఆగింది. బుసైన వెనక్కి తిరిగి చూసి కళ్లతోనే మెచ్చుకుంది. ఆ మెప్పుకు నేను పొంగిపోయాను కూడా.

ఇక్కడే నా బుద్ధి ఏమైందో చెప్పాలి. మా గదిలో ఆ నల్లనీళ్లను కడిగేటప్పుడు బీకరు పక్కన ఆనించే గుండ్రటి అయస్కాంతం ఒకటి ఉంది, అది పాడైపోయిన స్పీకరు లోపలిదే. రేడియో బాగుచేసే వాడి దగ్గర నుంచి తెచ్చి, సుత్తితో రేకు ఊడదీసి, కడిగి ఆ పిల్లకు ఇచ్చింది నేనే. రోజూ సాయంత్రం దాన్ని చెక్క బీరువాలో పెట్టి తాళం వేసేది నేనే. ఇనుప చెంచా కూడా గదిలోకి రానివ్వను. అయినా ఆ ఎర్ర మఖమల్ కింద ఏముందో నా తలకు తట్టలేదు. పాట ఆపితే స్పీకరు ఆగిపోయిందనుకున్నాను. పాట ఆగినా లోపలి అయస్కాంతం పని ఆగదు. కళ్లకు గుడ్డ కట్టినా గేదె పాలిస్తుందని తెలియనివాడు ఎవడుంటాడు?

అస్యూత్ దాటాక ఎండెక్కింది. ఒకపక్క చెరకు, ఒకపక్క కాలవ. కిటికీ అద్దం మీద కాలవ వెలుగు పాకుతోంది. కునుకు పట్టింది.

కలలో పావురాల గోపురం ముందు నిలబడ్డాను. సీసా అంత చిన్నది. వంగి చూస్తే ప్రతి గూట్లోనూ ఒక నల్లపావురం. గాలి లేదు, చప్పుడు లేదు. అన్నీ ఒక్కసారిగా తల తిప్పాయి. మళ్లీ తిప్పాయి. రెక్క కదలదు, మెడలే కదులుతున్నాయి, నీళ్ల మీద గాలి నడిచినట్టు. నేను గింజలు చల్లబోయాను. చేతిలో గింజలు లేవు, ఇనుపరజను ఉంది. అప్పుడు అన్నీ నా చేతివైపు తిరిగి ఆగిపోయాయి. ఎంతసేపున్నా మళ్లీ తిరగలేదు. చెయ్యి వెనక్కి తీసుకోవాలని ఉంది, రావడం లేదు.

తిట్లు వినపడి మెలకువ వచ్చింది. మిన్యాలో ఆగి ఉన్నాం. నా పక్కన కూర్చున్న వడ్రంగి సంచిలో మేకుల పొట్లం చిరిగి, మేకులు చిందాయి. ఏరుకుంటున్నాడు. కింద పడ్డవి పడుకునే ఉన్నాయి. ఎర్ర మఖమల్ మీద పడ్డవి మాత్రం నిలబడి ఉన్నాయి. పది పన్నెండు మేకులు, తలలు కిందికీ మొనలు పైకీ, నా చేపలపెట్టె చుట్టూ కంచె నాటినట్టు.

వడ్రంగి వాటిని పీకుతూ, ఈ డ్రైవరు బండిలో దెయ్యం ఉంది చూడండి అని నవ్వుతున్నాడు.

పెట్టెను రెండు చేతులతో ఎత్తి ఒళ్లోకి తీసుకున్నాను. గడియారం చూశాను. మూడు గంటల నలభై నిమిషాలు. కడిగేటప్పుడు మేం అయస్కాంతం ఆనించేది రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. అదీ పూత వేయకముందు. పూత వేశాక గంటలకొద్దీ అయస్కాంతం దగ్గర ఉంచితే ఒకదాన్నొకటి కరిచిపట్టుకుంటాయని, ఇక విడవవని ఆ పిల్ల ప్రొఫెసరుతో అనడం నా చెవులతో విన్నాను.

బండి కదిలింది. బుసైన మెడ నాకు కనిపిస్తోంది. పక్కావిడ పసిబిడ్డను ఎత్తుకుని ఆడిస్తోంది. చెప్పాలి. బండి ఆపమని చెప్పాలా, ఆగాక చెప్పాలా? చెబితే మాత్రం ఏం చేస్తుంది? అరగంటసేపు ఇవే మాటలు లోపల తిప్పుకున్నాను. మాటలు తక్కువ మనిషినని నాకు ఊళ్లో మంచిపేరుంది. ఆ అరగంట నేను మాట్లాడకపోవడం మంచితనం కాదు, భయం. ఒకసారైతే చెప్పకపోతే ఏమవుతుందని కూడా అనుకున్నాను. కైరోలో గీత చీలితే చీలుతుంది, పోయినసారి కూడా చీలింది కదా, నా మీదికి ఎందుకొస్తుంది అని. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. అనుకున్నానా అంటే అనుకున్నాను.

టీకి ఆపారు. అందరూ దిగారు. ఆ పిల్ల వెనక్కి వచ్చి, పెట్టె ఒళ్లోకి ఎందుకొచ్చింది బాబాయ్, కాళ్లు తిమ్మిరెక్కవా అంది.

“స్పీకరు మీద పెట్టానమ్మా. సోహాగ్ నుంచి మిన్యా దాకా.”

మొదట అర్థం కాలేదు. నా వెనకున్న మఖమల్ వైపు చూసింది. వడ్రంగి ఏరకుండా వదిలేసిన మేకు ఒకటి ఇంకా నిలబడే ఉంది. దాన్ని చూసింది.

“ఎంతసేపు?”

“మూడు గంటల నలభై నిమిషాలు.”

“ఖచ్చితంగానా?”

“ఖచ్చితంగా.”

తిట్టలేదు. తిడితే బాగుండును. పెట్టె తీసుకుని హోటలు పక్కన పాత టైర్లు పేర్చినచోట నీడలో కూర్చుంది. మూత తీసింది. సీసా ఎత్తి ఎండకు పట్టింది.

అడుగున ఒక మూల కాటుక అద్దినట్టు నల్లటి మచ్చ ఉంది, ఉంగరపు వేలి గోరంత. ఆ పైన నీళ్లు తెల్లబడిపోలేదు. నల్లగానే ఉన్నాయి, కానీ సోహాగ్‌లో చూసినంత మందంగా లేవు. అవతల ఎండ కనిపిస్తోంది. పాలు కలపని టీని గాజుగ్లాసులో పోసి చూసినట్టు.

సీసాను మెల్లగా ఊపింది. మచ్చలో కొంత పొగలా లేచి నీళ్లలో కలిసిపోయింది. కొంత లేవలేదు. మళ్లీ ఊపింది. గాజును అంటిపెట్టుకుని అలాగే ఉంది, తలుపు సందు పట్టుకుని వేలాడే పిల్లాడిలాగ. అప్పుడు ఆ పిల్ల కళ్లు తుడుచుకుంది. నేను టీ తెచ్చి పక్కన పెట్టి, కాస్త దూరంగా నిలబడ్డాను. టీ మీద ఈగలు వాలాయి. లారీలు పోతున్నాయి. సీసా ఆమె చేతిలో ఎండను పట్టుకుని అలా ఉండిపోయింది. ఆ నల్లటి వెలుగులోకి చూస్తూ ఆ పిల్ల ఎంతసేపు కూర్చుందో, ఈ ఒక్కదానికి నేను గడియారం చూడలేదు.

తరవాత తనలో తను అనుకున్నట్టుగా చెప్పింది.

“లేవనివి పెద్దవి, బాబాయ్. పోయినసారి గీత చీల్చింది ఇవే. ఏడు నెలలు వీటినే వెతికాను.”

సీసాను నావైపు తిప్పింది.

“స్పీకరు నాలుగు గంటలు పట్టుకుని కూర్చున్నా చిన్నవి రాలేదు చూడు. వచ్చినవి కూడా ఊపితే పోయాయి. ఎవరూ ఇంతసేపు పెట్టలేదు. భయపడి పెట్టలేదు. కైరో దాకా పెడితే మిగిలిన పెద్దవీ దిగిపోతాయి.”

ఆగి, టీ గ్లాసులోంచి ఈగను వేలితో తీసి, ఆ టీనే తాగింది. లేచి తిన్నగా డ్రైవరు దగ్గరికి నడిచింది. నేను వెనకాలే వెళ్లాను. షెహాత బీన్స్ రొట్టె తింటున్నాడు. నీ స్పీకరు మీద నా పెట్టె కైరో దాకా ఉంచుకోవాలి, మధ్యలో ఎవరూ ముట్టకూడదు, దిగాక ఇంకో పది నిమిషాలు బండి కదలకూడదు అని చెప్పింది. వాడు నమలడం ఆపాడు.

“పొద్దున ఆయనేమో పెళ్లికూతురు పడుకుందన్నాడు. ఇప్పుడు నువ్వు పక్క వేయమంటున్నావు. ఇంతకీ పాట పెట్టుకోవచ్చా, డాక్టరమ్మా?”

పెట్టుకోమంది. పాటకూ దానికీ సంబంధం లేదంది. వాడు నావైపు తిరిగి, విన్నావా పెద్దాయనా, నాలుగు గంటలు నా నోరు నొక్కావు అన్నాడు. నేను తల దించుకున్నాను. వడ్రంగి నా భుజం తట్టి, పోనీలే, నీ మేకులు నావి కావు కదా అన్నాడు. దాని అర్థమేమిటో ఇప్పటికీ తెలియదు, కానీ మనసు కొంచెం తేలికపడింది.

రొట్టెల మూట విప్పి బండంతా పంచాం. సీసాను బాగా ఊపి, మచ్చ ఉన్న వైపే కిందికి వచ్చేలా మళ్లీ మఖమల్ మీద పెట్టింది. ఈసారి వడ్రంగిని తన చోటికి పంపి తనే నా పక్కన కూర్చుంది. ఒక చెయ్యి పెట్టె మీద వేసి, ఇంకో చేత్తో నోటుబుక్కులో రాసుకుంది. గంట, నిమిషం, ఎండ, స్పీకరు వెడల్పు. వెడల్పు కొలవడానికి వడ్రంగి కొలతటేపు ఇచ్చాడు.

మధ్యాహ్నం దుమ్ములో మూడు గంటల పది నిమిషాలు. అడుగున పాట గుబగుబమంటోంది. బనీ సువైఫ్ దగ్గర నైలు బండికి దగ్గరగా వచ్చింది. నీళ్ల మీద పడవలు కదులుతున్నట్టు లేదు, గట్టే వెనక్కి జారుతున్నట్టు ఉంది. నా చుట్టూ పద్నాలుగుమంది తలలు బండి మలుపుకు అటూ, మలుపుకు ఇటూ ఒక్కలాగే ఒరుగుతున్నాయి. పసిబిడ్డ కూడా. బుసైన మాత్రం ఒరగకుండా కూర్చుంది.

కైరోలో మునీబ్ స్టాండులో అందరూ దిగిపోయారు. సీసాను మఖమల్ మీది నుంచి కదపకుండానే, మూత తీసి, సూది లేని ప్లాస్టిక్ సిరంజితో పైనీళ్లు కొంచెం కొంచెంగా లాగి రెండో సీసాలో పోసింది. షెహాత తన చొక్కా చేతులు మడిచి పక్కన నిలబడి చూశాడు. అడుగున మిగిలినదాన్ని మొదటి సీసాలోనే ఉంచి మూత పెట్టింది. పది నిమిషాలన్నది ఇరవై అయింది. వాడు తొందరపెట్టలేదు. నీ పూర్తి పేరేమిటని ఆ పిల్ల అడిగితే, పోలీసు అడిగినప్పటిలా తాతపేరుతో సహా చెప్పాడు.

ఆ సాయంత్రం వాళ్ల పిన్ని ఇంట్లో మేడమీద కూర్చుని ప్రొఫెసరుకు ఫోను చేసింది. జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన మంచిదే అన్నారట. స్పీకరు, బస్సు అని రాస్తే నవ్వుతారు, అయస్కాంతంతో వేరుచేశామని ఒక్క వాక్యం రాయి చాలు అన్నారట. ఫోను పెట్టేసి ఈ మాట నాతో చెప్పి, నాకేసి చూసింది. నవ్వితే నవ్వనీ అని చెప్పగలిగేవాణ్ణి. కానీ నవ్వేది ఆమెను చూసి, నన్ను చూసి కాదు. ఊరుకున్నాను.

యంత్రం గదిలో ఇన్సాఫ్ మేడమ్ ఉంటుంది. ఆవిడే దాన్ని నడిపేది, ముప్పై ఏళ్ల నుంచట. గుమ్మంలోనే నా గడియారం, బెల్టు తీయించింది. యంత్రం అంటే ఏమో అనుకున్నాను. రెండు పెద్ద ఇనుప చక్రాలు ఎదురెదురుగా, మధ్య జానెడు ఖాళీ. ఆ ఖాళీలోకి పైనుంచి ఒక సన్నటి కడ్డీ దిగుతుంది. కడ్డీ కొసన మన నలుసు. అది కంటికి కనిపించనంతగా వణుకుతూ ఉంటుంది. ఆ వణుకును బట్టే దాని బలం తెలుస్తుందట.

ముందు కాగితం నింపమంది. తయారీ విధానం అన్నచోట రెండు గీతలే ఉన్నాయి. బుసైన కలం పట్టుకుని కాసేపు ఆగింది. రాయడం మొదలుపెట్టింది. రెండు గీతలు చాలక కాగితం తిప్పి వెనక రాసింది. మధ్యలో తల ఎత్తకుండా, మిన్యాలో తీసింది ఎన్నింటికి బాబాయ్ అంది. పదింబావుకు అన్నాను. మళ్లీ పెట్టింది? పదకొండుంబావుకు అన్నాను. ఇన్సాఫ్ మేడమ్ కాగితం తీసుకుని చదివింది. చదువుతూ చదువుతూ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది.

“డ్రైవరు పేరు కూడా ఎందుకమ్మా?”

“ఎవరైనా మళ్లీ చేసి చూడాలంటే ఆ స్పీకరే కదా మేడమ్ కావాలి.”

ఆవిడ నవ్వలేదు. కాగితం మీద ముద్ర వేసింది.

చిన్న దూది ఉండ మీద రెండో సీసాలోని నీళ్లు రెండు బొట్లు వేసి ఆరనిచ్చారు. చెక్కపుల్లలతో పట్టి కడ్డీ కొసన పెట్టారు. చక్రాలు సన్నగా మూలిగాయి. తెర మీద ఒక చుక్క పుట్టింది. అయస్కాంతం బలం పెరిగేకొద్దీ కుడికి నడిచి పైకెక్కింది. ముందు నిటారుగా, తరవాత వంపు తిరిగి, పైన మిద్దెలాగా చదునైంది. ఇక ఎంత లాగినా ఎక్కలేదు. అన్నీ ఒకవైపే చూస్తున్నాయని ఇన్సాఫ్ మేడమ్ చెప్పింది. బలం తగ్గించుకుంటూ వచ్చింది. చుక్క వెనక్కి తిరిగింది.

పోయినసారి ఇక్కడే చీలిందని బుసైన నాకు గుర్తుచేయలేదు. ఆమె రెండు చేతులూ తొడల కింద పెట్టుకోవడం చూస్తే తెలిసింది.

చుక్క ఎక్కిన మెట్లే దిగింది. మధ్యకు వచ్చింది. బలం సున్నా. అక్కడ ఏమీ మిగల్లేదు. అవతలివైపుకు దిగి, అడుగు తాకి, తిరిగి పైకి వచ్చింది. అదే దారి. ఇన్సాఫ్ మేడమ్ మధ్యభాగాన్ని తెర మీద పెద్దది చేసింది, ఇంకా పెద్దది చేసింది. ఒకే గీత.

“వీటికి ఏమీ గుర్తులేదమ్మా,” అంది.

బుసైన అక్కడే స్టూలు మీద కూర్చుని నేలవైపు చూస్తూ ఉండిపోయింది. ఇన్సాఫ్ మేడమ్ గోడగడియారం చూసి, మనకింకా ఇరవై నిమిషాలుంది, ఆ మొదటి సీసా కూడా ఇటివ్వు అంది. అడుగున మిగిలిన మడ్డిని కొంచెం తీసి దూదికి అద్దింది.

ఈసారి చుక్క వెళ్లిన దారి వేరు, వచ్చిన దారి వేరు. మధ్యలో బాదంపప్పంత సన్నటి ఖాళీ. బలం మొత్తం తీసేశాక కూడా చుక్క సున్నాకు రాకుండా కొంచెం పైన ఆగింది. దాన్ని అక్కడి నుంచి కదిలించడానికి అవతలివైపు నుంచి లాగవలసి వచ్చింది.

రెండు గీతలూ ఒకే కాగితం మీద తీసిచ్చారు. రెండూ పెడతానంది బుసైన, నెలాఖరుకు ఇంకా పదహారు రోజులుంది, అధ్యాయం తిరగరాయడానికి సరిపోతుందంది. రిజిస్టరులో సంతకం చేయడానికి వెళ్తూ కాగితం నా చేతికిచ్చింది. సిరా తడి ఆరలేదు, అంచులు పట్టుకున్నాను. తిరిగొచ్చేసరికి నేనింకా దాన్నే చూస్తున్నాను.

“ఏది బాగుంది బాబాయ్?”

నీ పని మూసుకున్న గీతతో అని, వేలు దాని మీద పెట్టాను, చూపు మాత్రం చీలిన గీత మీదే ఉంది. అది నా జవాబు కాదని ఆమెకు తెలిసినట్టే ఉంది. ఇంకేమీ అడగకుండా కాగితం మడిచి నోటుబుక్కులో పెట్టుకుంది.